టీ కోసం నర్మద దాటాను

మా మనవరాలు నర్మద పరిక్రమ, అంటే నది చుట్టూ తిరిగొచ్చే యాత్ర, సైకిల్ మీద చేస్తానంది. నేను నడిచి చేసినవాణ్ణి. అందుకే ఈ సాయంత్రం పక్కన కూర్చొని ఫోన్‌లో మట్టిదారులు, రాత్రి ఆగే ఊళ్లు గుర్తు పెట్టించాను. ఒకచోట వంతెన అవతల టీ బాగుంటుందని, నడిచేటప్పుడు నేను వెళ్లి తాగొచ్చానని చెప్పాను. ఆమె వేలు ఆగిపోయింది.

"తాతా, నది దాటినవా? దాటితే పరిక్రమ తెగిపోతది. మల్ల మొదటికెళ్లి నడవాలె."

"టీ తాగి గీ ఒడ్డుకే వచ్చిన గద."

"వచ్చినా చెల్లది. మరి గిన్నేండ్లు మందితోని కాళ్లెట్ల మొక్కించుకున్నవ్ తాతా?"

పరిక్రమ చేసొచ్చిన పెద్దమనిషినని ఇక్కడ భేస్తాన్‌లో నేను పనిచేసే మగ్గాల కారఖానాలో నిజంగానే అందరూ మొక్కుతారు. రేపు వాళ్లకు నేనే చెప్తాను. మనవరాలిని నాకోసం రెండో సైకిల్ చూడమన్నాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వండి, బయల్దేరాక నాకు వినబడదు.