‘దొరా’ అన్న గైడు

కెమిస్ట్రీ పీహెచ్‌డీలో నా గైడు నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. మంథని దగ్గర మా తాతల నాటి దొరల గడీ కూలిందని, అందులో తన తాత వెట్టి చేశాడని అతనికి తెలుసు. ల్యాబులో అందరి ముందూ, "దొరా, జర గా ఫ్లాస్కులు కడుగు. ఈడ నీకు నౌకర్లు లేరు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేను కడిగేవాణ్ణి.

చివరికి థీసిస్ తీసుకెళ్తే పెన్ను మూత తీసి ఆగాడు.

"'బాంచన్, కాల్మొక్త' అను దొరా. సంతకం పెడ్త."

ఏళ్ల పరిశోధన ఆ పెన్ను కింద ఉంది. అయినా నా నోరు పెగల్లేదు. అతను సంతకం చేసి పెన్ను మూత పెట్టాడు.

"చదువు పోతదన్నా నీ నోట రాలే. మా తాత నోట దినాం ఎట్ల వచ్చిందో సోంచాయించు."

ఆ మనిషిని నేటికీ క్షమించలేదు. అతనన్నది మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.