గడపకు కట్టని వేపాకు

ఇన్నేళ్లుగా ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. పాలు పితికేటప్పుడూ, అన్నం కలుపుకునేటప్పుడూ, నలుగురిలో నవ్వేటప్పుడూ అక్కడే ఉంటుంది. నా భర్తకు చెప్పలేదు. కన్నబిడ్డలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పట్నంలో దబీర్‌పురా. బర్రెల మీద బతికే ఇల్లు. మా మరిది యాదగిరి ఫౌజులో చేరి ఏడాది దాటింది. బంగ్లాదేశ్ యుద్ధం మొదలైనప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. సెలవులో ఉన్నవాళ్లంతా వెంటనే రావాలని కబురొచ్చింది. మా అత్త తన బిడ్డ కాన్పుకని ఊరెళ్లింది. నా భర్త సైకిల్ మీద పాలు పోయడానికి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. యాదగిరి కొట్టం దగ్గరకు వచ్చి, అంగీ ఎత్తి వీపు చూపించాడు.

"వదినా, గిదేందో జర చూడు. ఒళ్లు మస్తు కాలుతుంది."

నీటిపొక్కులు. చూడగానే తెలిసిపోయింది. అమ్మవారు పోసింది.

"దోమలు కుట్టినయ్. కొట్టంల పంటివి కదా," అన్నాను.

"తల్లి గిట్ల పోసిందా ఏంది? అమ్మ ఉంటే ఎర్కయ్యేది. నువ్వు ఆగుమంటే ఆగుత వదినా. పోవాల్నా?"

"ఏం కాదు, పో. అంగీ గుండీలు పెట్టుకో. మీ అన్నకు చెప్పకు, ఫికర్ చేస్తడు."

ఎందుకన్నాను ఆ మాట? ఇంట్లో అమ్మవారుంటే గడపకు వేపమండలు కట్టాలి. కట్టిన ఇంటి పాలు గడప దాటవు. మా గల్లీలో హిందువులైనా ముస్లింలైనా ఆ ఆకు చూస్తే చెంబు పట్టుకుని వెనక్కి తిరిగేవాళ్లు. వేరే ఇంటి పాలకు అలవాటుపడితే మళ్లీ రారు. అంతకుముందే రోగమొచ్చి బర్రెలు చచ్చి, అప్పుడప్పుడే తేరుకుంటున్నాం. ఆ వీపు చూసినప్పుడు నా కళ్లకు కనబడింది మరిది కాదు, మోరీలో పారబోసిన పాలు. అమ్మవారు పోసిన మనిషిని వేపనీళ్ల స్నానం అయ్యేదాకా గడప దాటనివ్వరు. అన్నీ తెలిసి దాటించాను. స్టేషన్లో వాడకట్టు వాళ్లంతా దండలు వేశారు. చలికి వణుకుతున్నాడనుకుని ఎవరో శాలువా కప్పారు. నేనూ నవ్వుతూ చేయి ఊపాను.

మా కొట్టంలో యాదగిరి చేతికి తప్ప సరిగ్గా చేపి పాలు విడవని బర్రె ఒకటుండేది. అతను వెళ్లాక ఒక మధ్యాహ్నం కుడితి పెట్టడానికి వెళ్లాను. దూడ దూరంగా కట్టేసి ఉంది. బర్రె దగ్గర ఎవరూ లేరు. అది ఒక్కసారిగా చేపింది. పాలు వాటంతట అవే నేలమీద కారుతున్నాయి. మెడ వెనక్కి తిప్పి, యాదగిరి వస్తే అరిచినట్టే సన్నగా అరిచింది. తర్వాత, ఎవరో కూర్చోవడానికి చోటిచ్చినట్టు, నెమ్మదిగా పక్కకు జరిగింది. నేను గోడకు అంటుకుపోయాను.

టెలిగ్రాం తర్వాత వచ్చింది. పటాలం చేరకముందే, దారిలో రైలు దించి ఆస్పత్రిలో వేశారట. ఆ మధ్యాహ్నమే పోయాడు. అంటురోగమని అక్కడే కాల్చేశారు. యుద్ధభూమి కళ్లజూడనే లేదు. ఆగమని ఉంటే బతికేవాడా? ఏమో. ఆ "ఏమో"నే నన్ను తింటోంది. ఆ బర్రె బతికినన్నాళ్లూ ఆ వేళకు పక్కకు జరుగుతూనే ఉండేది. నా భర్త ఈగలు ముసురుతున్నాయనేవాడు. నేను ఆ వేళకు కొట్టంలోకి పోవడం మానేశాను.

అయినా అసలు పాపం అది కాదేమో. కొడుకు ఫౌజులో చేరినప్పుడు మా అత్త పోచమ్మకు మొక్కుకుందట. బిడ్డ కాన్పు పనిలో పడి ఆ మొక్కు తీర్చడం ఆలస్యం చేశానని, అందుకే తల్లి తన కొడుకును తీసుకుపోయిందని నమ్మింది. అప్పటినుంచి కాలికి చెప్పు వేయలేదు. ప్రతి బోనాలకూ తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టేది. నేను పక్కన బోనమెత్తుకుని నిలబడేదాన్ని. ఆమె అరికాళ్ల పగుళ్లకు వెన్న రాసిందీ నేనే. అది చూసి అందరూ నన్ను మంచి కోడలన్నారు. ఆమె నోట ఆ మొక్కు మాట వచ్చినప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకునేదాన్ని, మరుక్షణం పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయేదాన్ని.

పోయేముందు ఆమె నా చేయి పట్టుకుంది. తప్పు తనదేనా అని అడిగింది. గదిలో ఇంకెవరూ లేరు. ఒక్క మాట చాలు, ఆమె తేలికపడి పోయేది.

"మొక్కు తీర్చుకుంటివి కదా అత్తమ్మా. తల్లి మన్నిస్తది," అన్నాను.

ఆమె రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది.

మన్నించమని మిమ్మల్ని అడగను. అడగవలసిన వాళ్లిద్దరూ లేరు. యాదగిరికి అమ్మవారు పోసిందని నాకు తెలుసు. తెలిసే పొమ్మన్నాను.