ఆగమంటే ఆగిన నర్సమ్మగారు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నాలుగడుగులు వేస్తే చాలు ఆయాసం వచ్చేసేది. అరచేతులు తెల్లగా పాలిపోయాయి. ఇబ్రహీంపట్నం దగ్గరున్న మా ఊరి నుంచి మా నాన్న నన్ను బస్సులో బెజవాడ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కడుపులో పురుగులు రక్తం తాగేశాయనీ, వెంటనే రక్తం ఎక్కించకపోతే గుండె తట్టుకోలేదనీ డాక్టరుగారు చెప్పారు. చూపించిన చోట నాన్న సంతకం పెట్టేశాడు.

నాకు మాత్రం ఒకటే భయం. ఎవరి రక్తం ఎక్కితే వాళ్ళ బుద్ధులొస్తాయని బయల్దేరేముందు మా నాయనమ్మ అనగా విన్నాను. రేపు నేను ఇంకెవరిలాగానో అయిపోతే అమ్మ నన్ను దగ్గరకు తీసుకుంటుందా?

గుణదల నుంచి రోజూ రిక్షాలో వచ్చే పెద్దావిడ, ఆ వార్డు నర్సమ్మగారు, రక్తం సీసా తెచ్చి, నా మొహం చూసి దాన్ని పక్కన పెట్టేశారు. మంచం మీద కూర్చుని, "నాన్నగారు సరేనన్నారు. మరి నువ్వేమంటావమ్మా?" అన్నారు.

నాన్న తెల్లబోయాడు. "చిన్నపిల్లండీ, దానికేం తెలుస్తుంది?"

"చెబితే తెలుస్తుందండీ," అన్నారావిడ.

నా భయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "రక్తంతో బలం వస్తుంది గానీ బుద్ధులు రావు. నీ అల్లరి నీకే ఉంటుంది," అన్నారు. సూది గుచ్చితే నొప్పెడుతుందని దాచకుండా చెప్పారు. ఒక్కోసారి దురదో చలో పుట్టొచ్చు, పుడితే ఓర్చుకోకుండా చెప్పాలన్నారు. "నువ్వు ఆపమంటే ఆపుతాను."

నేను చెయ్యి చాపాను.

సగం సీసా అవకముందే మెడ మీద దురద మొదలైంది. ఇంకెప్పుడైనా అయితే తిడతారని ఊరుకునేదాన్నే. "ఆపండి," అన్నాను. అనగానే గొట్టం బిగించి రక్తం ఆపేశారు. చూస్తే ఒళ్ళంతా దద్దుర్లు! డాక్టరుగారు పరుగున వచ్చి ఇంజెక్షన్ ఇచ్చారు. దద్దుర్లు అణిగాక మళ్ళీ ఎక్కించవచ్చన్నారు. అప్పుడూ ఆవిడ నన్నే అడిగారు.

"కొంచెం ఆగండి," అన్నాను.

నిజంగానే ఆగారు, నా వేళ్ళు నిమురుతూ. నాన్న కూడా తొందరపెట్టలేదు. కాసేపటికి నేనే, "ఇప్పుడు పెట్టండి," అన్నాను.

నెల తిరిగేసరికి వీధిలో పరుగులు తీశాను. పెద్దవాళ్ళొకరు నా మాటకు ఆగడం నాకదే మొదటిసారి. ఇప్పుడు మనవరాలికి తల దువ్వుతుంటే, చిక్కు పడినచోట అది "ఆగు అమ్మమ్మా" అంటుంది. బడికి ఎంత ఆలస్యమవుతున్నా నా చెయ్యి ఆగిపోతుంది. ఇక దువ్వమని అదే చెప్పేదాకా దువ్వెన పట్టుకుని కూర్చుంటాను.