కాయా, పండా? మా మావ పనస వ్యాను

చేతికి రబ్బరు స్టాంపు వస్తే నెత్తికి కొమ్ములు మొలుస్తాయని ఈ వయసులో ఎవరైనా చెబుతారు. ఇరవై రెండేళ్లప్పుడు ఎవరూ చెప్పరు, చెప్పినా వింటామా? ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరానికి అటూ ఇటూగా, పలాస దగ్గర మార్కెట్ చెక్‌పోస్టులో నాకు తాత్కాలిక గుమాస్తా ఉద్యోగం దొరికింది. రైతు మీద దళారీ పెత్తనం లేకుండా చూడటం మా పని (అని గోడ మీద రాసుండేది). చేరిన మొదటి వారంలోనే కవిటి నుంచి మా మేనమామ వ్యాను నిండా పనసకాయలతో దిగాడు. "ఈ యేడు దళారీకి ఇవ్వనేదల్లుడా, నానే ఒట్టుకొచ్చినాను. ఎల్లుండి టెక్కలి పెళ్లిలో కూరకి అడిగినారు, మంచి రేటు. బేగి ఒగ్గీ, ఎల్లిపోతాను" అన్నాడు.

నేను జాబితా తీశాను. పండ్లకు ఒక రుసుము, కూరగాయలకు ఒక రుసుము. పనస రెండింట్లోనూ లేదు! "మావా, ఇది కాయా, పండా?" అన్నాను గంభీరంగా. "కూరొండితే కాయ, నాల్రోజులు ఒగ్గేత్తే పండు. మీ యమ్మనడుగు!" అన్నాడు. అమ్మనడిగితే ఫైలు కదులుతుందా? వ్యాను పక్కన పెట్టించి పైఆఫీసుకు ఉత్తరం రాశాను (రెండు నకళ్లతో సహా).

నాలుగో రోజున జవాబొచ్చింది: 'కూరగాయగా పరిగణించవచ్చును.' అప్పటికి టెక్కలి పెళ్లివారు బంగాళాదుంప కూరతో భోజనాలు కానిచ్చేశారు. వ్యానులో కాయలు ముగ్గి, వాసన రోడ్డు దాటింది. తర్వాత నేను చేసింది చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. "మావా, అనుమతి కాయలకొచ్చింది. ఇవి పళ్లు కదా?" అన్నాను.

మావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఒరే గుంటడా, నీకంటే ఆ దళారీయే నయంరా" అని, చెక్‌పోస్టు దగ్గరే కాచుకునున్న దళారీకి అక్కడికక్కడే వచ్చినకాడికి అమ్మేశాడు. (దళారీ దగ్గర ఏ సరుకుకైనా చెల్లే చీటీ ఒకటుండేది.) సాయంత్రం పలాస బస్టాండులో అవే పళ్లు తొనలై, ఆకులో ఆరేసి చొప్పున, మావకు ఒక పండుకు ముట్టిన ధరకు అమ్ముడుపోతున్నాయి. తెలియక నేనూ ఓ పొట్లం కొన్నాను. ఇంటికి తెస్తే అమ్మ ఒక తొన నోట్లో వేసుకుని ఆగిపోయింది. "ఇది మా తమ్ముడి సెట్టుది కాదేటిరా? ఎంతెట్టి కొన్నావు?" అంది. ధర చెబితే నవ్వి, జరిగింది చెబితే పొట్లం పక్కన పెట్టేసింది.

మరుసటి వేసవి నుంచి మావ కాయలను చెట్టు మీదుండగానే దళారీకి అప్పగించేసేవాడు. సొంతంగా అమ్ముకునే మాట మళ్లీ ఎత్తలేదు. ఆయనను దళారీ గడపకు తిరిగి చేర్చిన ఘనత నాదే. ఇప్పుడా గుమాస్తా కుర్రాడు కనబడితే, "నాయనా, మొదటి రోజే కాయ అని రాసి పంపించెయ్యరా" అని బతిమాలుకుందును. వాడేమంటాడో నాకు తెలుసు. "అది కాగితం మీద రాసివ్వండి సార్" అంటాడు.