ఒళ్లో గంప

తెనాలిలో మా ముందుగది గోడ మీద ఒక పెద్దమ్మ బొమ్మ ఉంది. పెళ్లికి బయల్దేరినట్టు చీరాల చీర కట్టుకుని, ఒళ్లో చేపల గంప పెట్టుకుని కూర్చుంది. ఈ రెండూ కుదరలేదని చూసినవాళ్లంతా అంటారు. కుదిరిన సంగతి చెప్పడం నాకు మహా ఇష్టం.

ఆమె నిజాంపట్నం హార్బరులో చేపలమ్మేది. బొమ్మలు వేసేవాళ్లూ కథలు రాసేవాళ్లూ అక్కడికి వస్తూనే ఉంటారు. అట్టలూ రంగులూ కనిపిస్తే చాలు, పెద్దమ్మ గంపను పక్కామెకు అప్పజెప్పి ఇంటికి పోయేది. తిరిగొచ్చేసరికి మడత నలగని చీర, తలలో కనకాంబరాలు.

ఒకసారి నాతో వచ్చిన చిత్రకారుడు చిన్నబుచ్చుకున్నాడు. “పాత చీరే సహజంగా ఉంది కదా పెద్దమ్మా, ఎందుకు మార్చావు?”

“బాగుంది బాబూ! మీరు ఫొటో దిగాలంటే లుంగీ మీద దిగుతారేంటి?”

అతను నవ్వేసి, బొమ్మ వేశాడు. ముక్కుపుడక మెరుపుతో సహా అచ్చం ఆమే. పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

“నా గంపేదండి?”

“అంత మంచి చీర పక్కన బాగుండదని వెయ్యలేదు పెద్దమ్మా.”

ఆమె లేచి వెళ్లి, నీళ్లు కారుతున్న గంపను తెచ్చి, ఆ కొత్త చీర మీదే ఒళ్లో పెట్టుకుంది.

“ఈ చీర కొనిపెట్టిందే ఇది బాబూ. ఇప్పుడెయ్యండి.”