దిష్టి పుస్తకంలో ఒక గడి

పంచాయితీకి నా పుస్తకం పట్టుకుని రమ్మన్నప్పుడు నేను చిక్కడపల్లిలో మా వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. విన్నాక చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

కబురు చెప్పడానికి వచ్చినావిడ అశోక్‌నగర్ వెనక బస్తీలో ఉంటుంది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. కొడుకులిద్దరూ బిల్డింగు పనులకు వెళ్తారు. ఇద్దరు కోడళ్ళు. అందరూ రెండు గదుల్లో కిరాయికి ఉంటారు. చిన్నకోడలికి ఏడాది నిండని కొడుకు. పెద్దకోడలికి పిల్లలు లేరు. ఆ పసివాడు రాత్రిళ్ళు ఏడుస్తున్నాడని నన్ను పిలిచేవాళ్ళు, నేను వెళ్ళి దిష్టి తీసి వచ్చేదాన్ని.

"రేపు పొద్దుగాల పంచాయితి, చెల్లె," అందావిడ. "పిల్లగానికి దిష్టి తీసిందంత నీ బుక్కుల ఉన్నది గద. ఈ మధ్యల ఒక్కపారన్న ఘాటొచ్చిందా? రాలే. నోటితోని చెప్తె ఎవడు నమ్ముతడు? రాత చూపిస్తె నమ్ముతరు. పెద్దదాన్ని తల్లిగారింటికి తోలేస్తం."

"ఆమెనెందుకు?"

"దాని కండ్లు మంచియి కావు. కండ్లేనా, ఇంక ఏమన్న జేస్తున్నదా, ఎవలికెరుక? మొన్న గడప కాడ కోసిన నిమ్మకాయ దొరికింది."

చేతబడి అన్న మాట ఆవిడ అనలేదు. మిగిలింది ఆ ఒక్క మాటే. ఆ మాట పడ్డ ఆడవాళ్ళకు ఏం జరుగుతుందో పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ మాటకు సాక్ష్యం ఇప్పుడు నా చేతిరాత.

నేను బడికి వెళ్ళింది తక్కువ. పంచాంగం ముందేసుకుని తిథులు, నక్షత్రాలు గుణించడం నాకు నేనే నేర్చుకున్నాను. దిష్టి తీయడం మాత్రం మా అత్తగారు నేర్పారు. పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మనిషి చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చి నిప్పుల మీద వెయ్యాలి. ఘాటు వచ్చి దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. తరతరాలుగా వస్తున్న లెక్క ఇది. ఆవిడ పోయాక జనం నన్ను పిలవడం మొదలుపెట్టారు. లెక్క రాయకుండా ఉండలేని మనిషిని కనుక రూళ్ళ పుస్తకంలో గడులు గీశాను. తేదీ, తిథి, ఎవరికి, ఘాటు వచ్చిందా, తర్వాత ఏమైంది. మా ఆయన దాన్ని మంత్రాల పుస్తకం అని నవ్వేవాడు. నేను దాన్ని దాచిందీ లేదు. ఫ్రిజ్ మీద కరెంటు బిల్లులతో పాటు పడి ఉండేది. అది నిజమో కాదో ఎప్పటికైనా తెలుస్తుందని రాసేదాన్ని.

ఆవిడ వెళ్ళగానే చెయ్యి కడుక్కుని పుస్తకం తీశాను. ఆ పసివాడి పేజీలు తిప్పాను. ఘాటు గడిలో లేదు, లేదు, లేదు. నా అక్షరాలే. తర్వాత మిగతా పేజీలు చూశాను. కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయికి లేదు. పక్కింటి కొత్త స్కూటర్‌కు లేదు. మా ఆయనకు లేదు. వర్షాల ముందు పేజీల్లో కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు లేదు. వర్షాలు మొదలయ్యాక ఎవరికీ ఒక్కసారి కూడా ఘాటు రాలేదు. ఇంతమందికి, స్కూటర్‌తో సహా, ఒక్కసారే దిష్టి తగిలిందా? ఆ పెద్దకోడలు మా ఆయన్ని చూసింది కూడా లేదు.

వారాలు చూశాను, తిథులు చూశాను. ఏదీ కలవలేదు. ఇంతలో మా ఆయన అన్నానికి కూర్చున్నాడు.

"ఏందే ఈ చారు? ఆస్పత్రిల గిట్లనే పోస్తరు."

"కారం తగ్గించమని డాక్టరే చెప్పిండు గద."

"తగ్గించుమన్నడు, తీసెయ్యిమన్లే. నీ కొత్త మిరపకాయలు పెండ్లికొడుకు లెక్క ఉన్నయి. ఎర్రగ కనవడుడే, పనికి రావు!"

గరిట పళ్ళెంలో పడిపోయింది. ఆయన కడుపుమంట కోసం వానాకాలం మొదట్లో నారాయణగూడలో నేనే కొన్నాను, రంగుకు వాడే బ్యాడిగి మిరపకాయలు. ముడతలుగా, ముదురెరుపుగా ఉంటాయి, కారం దాదాపు ఉండదు. వంటకూ దిష్టికీ అదే డబ్బా. తిథి రాశాను, నక్షత్రం రాశాను. ఏ మిరపకాయో రాసుకోవాలని నాకు తట్టనే లేదు.

నమ్మబుద్ధి కాలేదు. మూల మీద ఇస్త్రీ బండి అన్న దగ్గర పాత మూకుట్లో నాలుగు నిప్పులు తెచ్చాను. ఎవరికీ తిప్పకుండా మా డబ్బాలోవి వేశాను. కమ్మటి వాసన, కాస్త పొగ, అంతే. పక్కింటి నుంచి కారం మిరపకాయలు అడిగి తెచ్చి, అవీ ఎవరికీ తిప్పకుండానే వేశాను. కళ్ళల్లో మంట. మా ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికి ఉరికాడు. "చంపుతవా ఏందే!" పై అంతస్తులో కిటికీ దబ్బున మూసుకుంది. నేను దగ్గుతూ అక్కడే నేల మీద కూలబడ్డాను. నా పుస్తకం ఇన్నాళ్ళూ మా ఆయన కడుపుమంట కథ రాసింది. దాన్ని చూసి ఒక మనిషిని ఇంట్లోంచి పంపేస్తున్నారు.

పొద్దున వెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో బస్తీ పెద్దమనిషి కూర్చున్నాడు. కొడుకులిద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. పెద్దకోడలు జిప్పు సంచి పక్కన పెట్టుకుని గడప బయట కూర్చుంది. అప్పటికే సర్దేసుకుంది. చిన్నకోడలు పిల్లాణ్ణి కొంగు కింద దాచుకుంది, ఆమె చూపు పడకుండా.

"చదువు చెల్లె," అంది కోడళ్ళ అత్తగారు.

నేను చదవలేదు. వాళ్ళ కట్టెల పొయ్యిలో నిప్పులున్నాయి. ముందు మా డబ్బాలోవి వేశాను, తర్వాత పక్కింటివి. పెద్దమనిషి కుర్చీలోంచి లేచిపోయాడు. అందరూ దగ్గుతున్నారు, కోడళ్ళు, పిల్లాడు, గోడ దగ్గర కొడుకులు. నేను విషయం చెప్పాను. పక్కింటి స్కూటర్ సంగతి కూడా చెప్పాను.

"స్కూటర్‌కు గూడ దిష్టా!" అని పెద్దమనిషి దగ్గుల మధ్యే నవ్వాడు. "ముసలమ్మా, నీ పంచాయితి మిరపకాయలతోని పెట్టుకో. కోడలితోని గాదు."

"మరి నిమ్మకాయ?" అంది అత్తగారు.

"అది నేనే పెట్టిన," అన్నాడు చిన్న కొడుకు, నేల చూస్తూ. "కొత్త బండి కొన్న గద, చక్రం కింద సగం పెట్టిన. మిగిలిన సగం ఆడ పడేసిన."

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగకో దేనికో నాకు తెలియదు. కాసేపటికి పెద్ద కొడుకు వచ్చి సంచి అందుకుని లోపలికి తీసుకుపోబోయాడు. పెద్దకోడలు దాని పట్టీ వదల్లేదు. నా వైపు చూసి అడిగింది.

"పెద్దమ్మా, ఆ మిరపకాయలు మంచియే అయ్యి, ఘాటు రాకపోతె? అప్పుడు నేను పోవాల్నా?"

నేను అన్ని లెక్కలూ చూసుకుని వచ్చాను. ఇది చూసుకోలేదు.

"వద్దు బిడ్డా. అప్పుడు గూడ పోవద్దు."

ఆమె పట్టీ వదిలి లేచి నిలబడింది.

"ఈ మాట వచ్చుడుతోనే అనొచ్చు గద," అంది. "అవి కాల్చకముందే."