డ్రైవులో మిగిలిన సీడీ

రొంపిచెర్ల దగ్గర మా హైస్కూల్లో టెంపరరీగా చేసిన కంప్యూటర్ మేడమ్, ఏ పిల్లల పేరు టైపు చేసినా పైకి చదివి, వాళ్ళు ఎదురుగా నిలబడ్డట్టు తలూపేది. ల్యాబులో అన్ని కంప్యూటర్లకీ, డబ్బు కట్టక్కర్లేని లైనక్స్ వేసింది. లెక్కల మాస్టార్ని, నాకేమో విండోస్ తప్ప చేతికి రాదు.

"ఏందమ్మా, ఊరికే వచ్చే సరుక్కి గ్యారంటీ ఏముంది?" అనేవాణ్ణి.

"మీ విండోస్ దొంగ కాపీకి ఉందా మాస్టారూ?" అని నవ్వేది.

ఒక ఆదివారం, ఎవరూ లేనప్పుడు, ఆమె కంప్యూటర్లో ఆ దొంగ కాపీయే ఎక్కించబోయాను. అది సగంలో ఆగింది. పదో తరగతి నామినల్ రోల్సు, అంటే పరీక్షకు పంపాల్సిన పిల్లల పేర్ల జాబితాలు, మొత్తం చెరిగిపోయాయి. భయపడి ఇంటికి పోయాను.

సోమవారం హెడ్మాస్టారు ఊగిపోయాడు. "సాయంత్రంలోపు పేర్లు పంపకపోతే పిల్లలు పరీక్ష రాయలేరు! ఎవరు చేశారిది?"

"ఆ ఫ్రీ సిస్టమే మింగేసింది సార్" అన్నాను.

ఆమె తన కంప్యూటర్ సీడీ డ్రైవు తెరిచింది. లోపల 'విండోస్' అని నా చేతిరాతతో సీడీ. నావైపు చూసింది. ఆమె మెల్లగా డ్రైవు మూసేసింది.

"అడ్మిషన్ రిజిస్టరు తెండి మాస్టారూ. మీరు చదవండి, నేను కొడతా."

చదివాను. ప్రతి పేరుకీ తలూపింది. సాయంత్రానికి అన్నీ వెళ్ళాయి. నెలాఖరుకి ఆమెను తీసేశారు.

ఇన్నేళ్ళకు, మొన్న నరసరావుపేటలో, రిటైరైన ఆ హెడ్మాస్టారికి నిజం చెప్పాను.

"అదేందయ్యా," అన్నాడాయన, "తప్పు తనదేనని ఆ మేడమ్ ఆ రోజే రాసిచ్చిందే! విచారణ తర్వాత చేసుకోండి, ముందు పిల్లల పేర్లు వెళ్ళనివ్వండి అంది."